కథలోని కట్టుబాటు

పిల్లలకు కథ చెప్పుట తల్లులకు గల పనులలో మిక్కిలి సులభమైనదని నేను చాలకాలము తలచియుంటిని. అన్నము కలుపుచు చెప్పవచ్చును. జడ వేయుచు చెప్పవచ్చును. ఉయ్యాల నూపుచు చెప్పవచ్చును. దానికి పెట్టుబడి లేదు, పరీక్ష లేదు. గడచిన యాశ్వయుజమాసమున మా యింట జరిగిన యొక సంగతి ఈ యభిప్రాయమును మార్చివేసినది. కథలోని మాయకు గల కట్టుబాట్లను ఎంతవరకు విప్పి చెప్పవలెను, ఎంతవరకు చెప్పక విడువవలెను అను ప్రశ్న పండితులకు మాత్రమే చెందినది కాదనియు, పొయ్యి యొద్ద కూర్చున్న మనకే ముందుగా చెందినదనియు నాకప్పుడు తెలిసెను. నా పొరపాటును దాచక మీతో చెప్పుకొనుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మా వారు ఉన్నత పాఠశాలలో గణితమును, ప్రకృతిశాస్త్రమును బోధించు ఉపాధ్యాయులు. మాకు ఇద్దరు బిడ్డలు. పెద్దది ఎనిమిదేండ్ల ఆడపిల్ల. చిన్నవాడు నాలుగేండ్లవాడు. మా అత్తగారు మాతోనే యున్నారు. నేను బడికి పోయి చదువుకొన్నదాననుగాను. మా నాయనగారు ఇంటియొద్దనే నాకు భారతమును, కొన్ని ప్రబంధములను చెప్పిరి. నాకు గల సాహిత్యజ్ఞానమంతయు వారి వీధియరుగు మీద సంపాదించినదే.

మా అమ్మాయి తన పెద్దతల్లి కూతుండ్రతో సమానముగా అట్లతద్ది నోచెదనని పట్టుపట్టినది. తెల్లవారుజామున లేచి గోంగూర పచ్చడితోను, పెరుగుతోను అన్నము తిని, ఉయ్యాల లూగి, చంద్రుని చూచువరకు ఏమియు ముట్టనని ప్రతిజ్ఞ చేసెను. చిన్నపిల్లవు, నీకుపవాస మక్కరలేదని అత్తగారు ఎంత చెప్పినను వినలేదు. సాయంకాలము నేను పెనము ముందు కూర్చుండి అట్లు పోయుచుండగా నా ప్రక్క జేరి కథ చెప్పుమన్నది.

ఆ కథ మీకందరకు తెలిసినదే. మా యింట చెప్పుకొను రీతి యిది. ఒక రాచకూతురు అట్లతద్ది నోము పట్టి యుపవాసముండి సొమ్మసిల్లెను. అన్నలు చూడలేక చెట్టునకు అద్దము గట్టి, దాని కెదురుగ మంట వేసి, అదిగో చంద్రుడు వచ్చినాడనిరి. ఆ పిల్ల నమ్మి భుజించెను. నోము భంగమై, పెండ్లియీడు వచ్చినప్పుడు ఎక్కడ వెదకినను ముదుసలి వరుడే తప్ప మరియొకడు దొరకలేదు.

ఇంతవరకు చెప్పితినో లేదో అమ్మాయి నా చేయి పట్టుకొని, “ఆ పిల్లకు తెలియదుగదా అమ్మా! అన్నలు చెప్పిందే నమ్మింది. శిక్ష ఆ పిల్లకెందుకు?” అని యడిగెను.

పెనము మీద అట్టు మాడుచుండెను. వాయనమునకు పిలిచిన ముత్తైదువలు వాకిట మాటలాడుచుండిరి. “నోము నోమే తల్లీ. తెలిసి తప్పినా తప్పే, తెలియక తప్పినా తప్పే” యని చెప్పి లేచితిని. రాచకూతురు తన పొరపాటు నెరిగి మరల భక్తితో నోము నోచుకొనెననియు, తగిన వరుని పొంది సుఖముగ నుండెననియు గల మిగిలిన కథను రేపు చెప్పవచ్చుననుకొంటిని. ఆ రేపు రాలేదు.

నాలుగవనాడు చిన్నవానికి జ్వరము తగిలెను. మొదట పడిసెమనుకొంటిమి. జ్వరము తగ్గకపోవుటచే వైద్యునికి చూపితిమి. ఆయన రక్తపరీక్ష చేయించి టైఫాయిడని చెప్పి మందు వ్రాసియిచ్చెను. ఆ దినములలో నేను పిల్లవాని మంచము విడిచి కదలలేదు. పెద్దదానిని పట్టించుకొనుటకు నాకు తీరిక లేకపోయెను. మూడు నాలుగు దినములైన పిదప అత్తగారు నన్ను ప్రక్కకు బిలిచి, “అమ్మడు ముద్ద మింగటం లేదే. పళ్లెంలో పెట్టిన అన్నం పెరట్లో కాకులకు వేస్తోంది. ఏమిటో కనుక్కో” అనిరి.

ఆ రాత్రి దానిని ఒడిలో గూర్చుండబెట్టుకొని యడిగితిని. చాలసేపు నోరు విప్పలేదు. తుదకు వెక్కివెక్కి యేడ్చుచు ఇట్లు చెప్పెను. నోమునాటి మధ్యాహ్నము తమ్ముడు ఆడుకొనుచు వచ్చి తన నోటిలో బెల్లపుముక్క పెట్టినాడట. రుచి తగిలినదాక తనకు జ్ఞాపకము లేదట, మింగివేసినదట. “తెలియక తప్పినా తప్పేనన్నావు. తినిపించింది తమ్ముడు. అందుకని కోపం తమ్ముడి మీదికి వచ్చింది. నేను అన్నం మానేస్తే వదిలిపెడుతుందేమోనని…” అని యిక చెప్పలేక నా భుజము మీద తలవాల్చెను.

అమ్మలారా, ఆ మాట విని నా గుండె యాగినట్లయ్యెను. ఎనిమిదేండ్ల పసిది తమ్ముని ప్రాణము తన మెడకు గట్టుకొని, ఎవ్వరితో చెప్పక, అన్నము మాని తిరుగుచున్నది. ఆ బరువును దాని నెత్తినబెట్టినదాన నేనే. కథలో కట్టుబాటును చెప్పితిని, శిక్షను చెప్పితిని, ఆ శిక్ష ఎవరికి తగులునో, ఎంతవరకు తగులునో, దాని నుండి బయటపడు దారి యేదో చెప్పలేదు. చెప్పని చోటులను ఆ పిల్ల తన భయముతో నింపుకొన్నది.

మా వారు సంగతి విని అప్పుడే దీపమువద్ద కూర్చుండి దానికి విడమరచి చెప్పిరి. టైఫాయిడు ఒకవిధమైన సూక్ష్మజీవి వలన వచ్చుననియు, అది కలుషితమైన నీటిద్వారమున గాని ఆహారముద్వారమున గాని శరీరమున బ్రవేశించుననియు, ప్రవేశించిన తరువాత జ్వరముగా బయలుపడుటకు సాధారణముగ ఒకటి రెండు వారములు పట్టుననియు చెప్పిరి. “నాలుగోరోజున జ్వరం వచ్చిందంటే, ఆ క్రిమి వాడి కడుపులోకి అట్లతద్దికి ముందే చేరింది. నీ బెల్లంముక్కకూ దానికీ సంబంధం లేదు” అనిరి. లెక్క సరిగానే యున్నది. అమ్మాయి శ్రద్ధగా విని, కొంతసేపాలోచించి, “అయితే గౌరీదేవికి నేను తప్పుతానని ముందే తెలుసేమో” అన్నది!

మా వారికి నోట మాట లేదు.

అప్పుడు అత్తగారు దానిని దగ్గరకు దీసికొని, “పిచ్చితల్లీ, మీ అమ్మ నీకు కథ సగమే చెప్పింది. ఆ పిల్ల మళ్లీ నోచుకుంది, అంతా సరిపోయింది. ప్రతి నోముకథ చివరా మేము ఏమనుకుంటామో వినలేదూ? కథలో తప్పు దొర్లినా ఫలంలో తప్పు రాకూడదని అనుకునే అక్షింతలు వేసుకుంటాం. ఆ మాట కూడా కథలోదే. నోముకు కోపం ఒక్కటే కాదు, దయకూడా ఉంది” అనిరి. ఆ మాట దానికందినది. ఆ రాత్రి పెరుగన్నము రెండు ముద్దలు తినెను. భగవంతుని దయవలనను, వైద్యుని మందువలనను చిన్నవాడును కోలుకొనెను. నాటినుండి మేము త్రాగునీటిని కాచి చల్లార్చుకొనుచున్నాము.

పిల్లవాడు లేచి తిరుగుచుండగా ఈ విషయమై మా యింట చాల చర్చ జరిగెను. అత్తగారి మత మిది: కథను ప్రశ్నింపరాదు, వినవలెను, విప్పి చెప్పినచో మహిమ పోవును. మా వారి మతము వేరు: ప్రతిదానికి కారణము చెప్పవలెను, కారణము చెప్పని కథ భయమును పుట్టించును. ఇద్దరి మాటలలోను నిజము గలదు. కాని ఇద్దరి మార్గములును పూర్తిగా నడువవని నాకు దోచినది.

మా వారి మార్గమును మేమొకసారి పరీక్షించియే యున్నాము. ఒక వేసవిరాత్రి వారు పిల్లలకు సంజీవనీ వృత్తాంతము చెప్పబూనిరి. ఆ యోషధి ఘాటైన వాసన గల మూలిక యైయుండుననియు, మూర్ఛపోయినవారు దానిచే తెలివి దెచ్చుకొని యుందురనియు చెప్పిరి. “అయితే అంగట్లో అమ్మరేం?” అని అమ్మాయి యడిగెను. ఇప్పుడు దొరకదనిరి. ఎప్పటినుండి దొరకదని, ఎందుకు దొరకదని, హనుమంతుడు కొండను తిరిగి యక్కడనే పెట్టినాడుగదా యని ప్రశ్న మీద ప్రశ్న వచ్చినది. ఒక కారణము చెప్పినచో దాని కడుపున రెండు ప్రశ్నలు పుట్టుచుండెను. తుదకు శ్రోతలు నిద్రించిరి. లక్ష్మణస్వామి మాత్రము రణభూమియందే పడియుండెను!

అత్తగారి మార్గమునందలి చిక్కు మీరు వింటిరిగదా. చెప్పకుండ విడిచిన చోటు ఖాళీగా నుండదు. పెద్దలమైన మనము దానిని ఊహతో నింపుకొందుము. పసివారు భయముతో నింపుకొందురు.

ఇట్లుండగా మన పూర్వకవులు ఈ పని నెట్లు చేసిరో చూతమని నేను నాకు దెలిసిన కథలను మరల తలపోసితిని. ఆశ్చర్యమేమనగా, వారు మాయ యెట్లు పనిచేయునో దాదాపుగా చెప్పరు. అది ఎక్కడ పనిచేయదో మాత్రము తప్పక చెప్పుదురు.

మన వంటయింటికి దగ్గరదైన అక్షయపాత్రనే చూడుడు. సూర్యభగవానుడిచ్చిన ఆ పాత్రలో అన్నమెట్లు పుట్టునో భారతకథ చెప్పదు. బియ్యమెక్కడివి, నిప్పెక్కడిది అని మనమును అడుగము. కాని ద్రౌపది భుజించువరకే అది తరుగకుండుననియు, ఆమె భుజించిన పిదప ఆ దినమునకు అందేమియు రాదనియు గల హద్దును విడువక చెప్పుదురు. ఆ హద్దుండుట చేతనే దుర్వాసుడు శిష్యసమేతుడై అకాలమున వచ్చినప్పుడు మన గుండె దడదడలాడును. ఆ హద్దే లేకున్నచో పదివేలమంది వచ్చిన నేమి, లక్షమంది వచ్చిన నేమి? శ్రీకృష్ణుడు వచ్చియు ఆ హద్దును చెరపలేదు. పాత్ర మరల వండలేదు. అంటుకొనియున్న మెతుకును మాత్రమే ఆయన స్వీకరించెను. కట్టుబాటు నిలిచినది, కష్టమును తీరినది. ఇంట అందరకు వడ్డించి తుదకు తాను కూర్చుండు ప్రతి యిల్లాలికిని ఆ కట్టుబాటులోని న్యాయము వివరింపకయే తెలియును.

అల్లసాని పెద్దన మనుచరిత్రమున ప్రవరునకు సిద్ధుడొసగిన పాదలేపమును తలచుకొనుడు. దానిని ఏ వేరుతో నూరిరో మనకు పనిలేదు. కాలికి రాచుకొన్న ప్రవరుడు హిమవత్పర్వతమును చేరెను, అంతవరకు మాయ. అక్కడి మంచునీటికి ఆ పూత కరగిపోయెను. ఇది చదివిన యే స్త్రీయు “అదెట్లు” అని యడుగదు. కాళ్లకు పసుపు రాచుకొని తడినేలను తిరిగినవారికి పూత స్వభావమును మరియొకరు బోధింపవలయునా? మాయలేపమైనను లేపము లేపమే. ఆ చిన్న సంగతినుండియే వరూధినీ సమాగమమును, తరువాతి కథయంతయు పుట్టినవి. ప్రవరుడు తుదకు అగ్నిదేవుని ప్రార్థించి యిల్లు చేరుటయు అప్పటికప్పుడు తెచ్చిపెట్టిన యుపాయము కాదు. అతడు నిత్యము అగ్నిని సేవించువాడని కవి మొదటనే మనకు చూపినాడు.

కర్ణునకు ఇంద్రుడిచ్చిన శక్తి యిట్టిదే. అది యొక్కనినే చంపును. పిమ్మట ఇంద్రుని చేరును. ఏ లోహముతో చేసిరో తెలియకున్నను లోపము లేదు. ఒక్కమారే యని తెలియుటచేత, అర్జునునికై దాచుకొన్న దానిని ఘటోత్కచునిపై విడువవలసివచ్చిన రాత్రి మన కన్నులు చెమర్చుచున్నవి. బేతాళుని కథలలో సమాధాన మెరిగియు పలుకకున్నచో రాజు తల పగులునట. పలికినచో శవము మరల చెట్టెక్కునట. తల యెందులకు పగులునో చెప్పినవారు లేరు, అడిగినవారును లేరు. కట్టుబాటు ముందుగా చెప్పబడినది. ప్రతి కథయందును మారక నిలిచినది. అంతియే చాలును.

ఆలస్యముగ చెప్పుటయు నొక విద్యయే. పదునాల్గవ యేట నేను మా నాయనగారియొద్ద పింగళి సూరన కళాపూర్ణోదయము చదువుచు విసిగితిని. పదునారవ శతాబ్దపు ఆ కావ్యమున ఎనిమిదాశ్వాసములున్నవి. మొదటి భాగమున వింతమీద వింత వచ్చును, కారణము కానరాదు. పుస్తకము మూసి, “ఈయన మనకేమియు చెప్పడు” అంటిని. నాయనగారు నవ్వి, “అమ్మాయీ, వంట కాకముందే మూత తీసి చూచేదానవు నీవు. ఈ కవి చెప్పనివాడు కాడు, దాచినవాడు. రెండింటికీ భేదముంది” అనిరి. నిజముగనే, ముందుకు పోయిన కొలది, ఒక మణిని ధరించిన చంటిపిల్ల నోట పూర్వవృత్తాంతమంతయు వెలువడి, విడివిడిగా నున్న వింతలన్నియు ఒక్క దారమున గ్రుచ్చినట్లు చేరినవి. దాచిన కవికి సమాధానము తెలియును. చెప్పని కవికి తెలియదు. చదువరులకు ఆ భేదము నాలుకకు ఉప్పు తెలిసినట్లు తెలియును.

ఇది పాత కావ్యములకు మాత్రమే చెల్లునని తలపవలదు. 1957లో వచ్చిన మాయాబజారు చలనచిత్రమున ప్రియదర్శిని యను పేటిక గలదు. తెరచిన వారికి తమకు ప్రియమైనది అందులో కనబడును. శశిరేఖకు అభిమన్యుడు కనబడెను. ఆ పేటికలో ఏ యంత్రమున్నదని మా పిల్లలుకూడ అడుగలేదు. ఎవరు తెరచిన నేమి కనబడునోయని ఊహించుటలోనే వారికి సంతోషము చాలినది. మరికొన్ని కథలు గలవు. వానిలో నాయకుడు చిక్కుపడిన ప్రతిసారియు ఇదివరకు వినని సిద్ధుడొకడు ఇదివరకు వినని మంత్రముతో వచ్చును. అట్టి కథకు ఎంత వివరణ చేర్చినను రుచి రాదు. అందేదైనను జరుగును గనుక జరిగినదానికి విలువ లేదు.

వీని నన్నింటిని తలపోసి నేను చేసికొన్న నిర్ణయములు మూడు. మొదటిది, కథలోని మాయ ఎట్లు కలిగెనో చెప్పనక్కరలేదు. దాని హద్దు చెప్పవలెను. రెండవది, ఆ హద్దును కథ నడుమ మన యవసరముకొలది జరుపరాదు. మూడవది, శిక్ష గల కథలో ఆ శిక్ష యెవరిదో, దానికి విముక్తి యేదో చెప్పకుండ పిల్లలను నిద్రకు పంపరాదు. శాపము చెప్పినచో శాపవిమోచనమును చెప్పవలెను. మన పురాణములలో శాపము వెంట విమోచనము తరచుగ నడచుటకు కారణము నాకిప్పుడు తెలిసినది. అది కథకుల వాడుక మాత్రమే కాదు. విను పసివారి యెడల కనికరము.

ఇక మా వారి మాటకును చోటున్నది. కథకు హద్దు చాలును గాని నిజమైన జ్వరమునకు కారణము చెప్పవలెను. నీటిలోని క్రిమి, మందు, దినముల లెక్క, ఇవన్నియు పిల్లలకు పూర్తిగ, దాపరికము లేక చెప్పవలసినవి. ఆ రాత్రి మా అమ్మాయికి రెండును కావలసివచ్చెను. తండ్రి చెప్పిన కారణము తమ్ముని జ్వరమును కథనుండి విడదీసినది. నాయనమ్మ చెప్పిన ముగింపు కథలోని భయమును తీర్చినది. ఒకటి లేనిచో రెండవది చాలియుండెడిది కాదు.

మొన్న నొకనాటి సాయంకాలము అమ్మాయి తమ్మునికి ఈ కథనే చెప్పుచుండగా వంటయింటినుండి వింటిని. వాడు, “అద్దంలో చందమామను చూస్తే దేవుడికి కోపం ఎందుకు?” అని యడిగెను. “అది నాకు తెలియదురా” అన్నది అమ్మాయి. “కాని నిద్రపోకు, ఇంకా అవలేదు. ఆ పిల్ల మళ్లీ నోచుకుంటుంది. అది వినే పడుకోవాలి” అని చెప్పి, వాడు కన్నులు మూయకుండ భుజము తట్టి కూర్చుండబెట్టి కథ ముగించెను.

సోదరీమణులారా, మీ యింట పొయ్యి మీద అట్టు మాడినను సరే, ముత్తైదువలు వాకిట వేచియున్నను సరే, పిల్లలకు మొదలుపెట్టిన కథను తుదివరకు చెప్పుడు. అట్టు మరల పోసికొనవచ్చును.